పెన్సిల్వేనియా పెరట్లో నెగడు



2023 అక్టోబరులో మేము, మా ఇంటావిడ మూడు వారాలపాటు అమెరికాలో గడిపి వచ్చాము. అక్కడి తెలుగువారు ప్రేమతో పిలిచి టిక్కెట్లు పంపబట్టి వెళ్ళాము గాని, మా అంతట మేము వెళ్ళగలిగిన దూరం కాదు. తిరిగి వచ్చిన తరువాత సంఘంలోని పిల్లలు "అయ్యగారూ, అక్కడ ఏం చూశారు? ఏం తిన్నారు?" అని అడుగుతూనే ఉన్నారు. చూచినవి చాలా ఉన్నాయి. తిన్నవాటిలో ఒక్కదాని గురించే ఇక్కడ వ్రాస్తున్నాము. దాన్ని ఒక పెరట్లో, నెగడు పక్కన కూర్చుని తిన్నాము. ఆ రాత్రి మా సంచిలో ఒక కాగితం కూడా ఉంది. ఆ సంగతీ చెప్పాలి.

పెన్సిల్వేనియా రాష్ట్రానికి హారిస్‌బర్గ్ ముఖ్యపట్టణం. సస్క్వహానా నది ఒడ్డున ఉంటుంది. ఆ ఊరికి దగ్గరలో మా సంఘస్థుల అబ్బాయి ఇల్లు కట్టుకున్నాడు. వాళ్ళ నాన్నగారు 2021లో కన్నుమూశారు. మరుసటి ఏడు తల్లిని తన దగ్గరకు తీసుకువెళ్ళాడు. ఊళ్ళో రెండు గదుల ఇల్లు, పెంకుల వంటగది తాళం వేసి ఉన్నాయి. ఇల్లు ఆమె పేరున ఉంది. దాన్ని కొంటామని ఒకరు ముందుకు వచ్చి, అగ్రిమెంటు వ్రాయించి, ఆమె సంతకం కోసం మా చేతికి ఇచ్చారు. అబ్బాయి కూడా ఫోనులో "మీరు చెబితే అమ్మ వింటుంది అయ్యగారూ" అన్నాడు. తాళం వేసిన ఇల్లు ఎన్నాళ్ళు నిలుస్తుంది, అబ్బాయి మాట సబబే కదా అని మేము ఒప్పుకున్నాము.

ఆమె మమ్మును చూడగానే అడిగిన మొదటి మాట, "మన పెరట్లో మునగచెట్టు ఉందా అయ్యగారూ?" అని. మేము చూడలేదు. ఇంటిని అమ్మించే కాగితం పట్టుకుని వెళ్ళామే గాని, వెళ్ళేముందు ఆ ఇంటివైపు ఒకసారి తొంగి చూడలేదు. ఆమె ఇంకేమీ అడగలేదు. కోడలు మంచి పిల్ల. "అత్తయ్య సరిగా తినరు, మాట్లాడరు, కిటికీ దగ్గర కూర్చుంటారు" అని మా ఇంటావిడతో చెప్పుకుని కన్నీళ్ళు పెట్టుకుంది. తొమ్మిదేళ్ళ మనవరాలికి తెలుగు అర్థమవుతుంది, పలకడానికి సిగ్గు.

మరునాడు మమ్మును హెర్షీ అనే ఊరికి తీసుకువెళ్ళారు. అక్కడికి ఇరవై నాలుగు కిలోమీటర్లుంటుంది. ఊరంతా చాక్లెట్ పేరు మీదనే వెలసింది. చాక్లెట్ అవెన్యూ అనే వీధిలో దీపపు స్తంభాల తలలు కూడా చాక్లెట్ బిళ్ళల ఆకారంలోనే ఉన్నాయి. మిల్టన్ హెర్షీ అనే ఆయన ముందు కొన్ని వ్యాపారాలలో దెబ్బతిని, తరువాత లాంకాస్టర్‌లో కారమెల్ మిఠాయిలు చేసి నిలదొక్కుకున్నాడు. 1900లో ఆ వ్యాపారాన్ని పది లక్షల డాలర్లకు అమ్మి, 1905 నాటికి ఇక్కడ పొలాల మధ్య చాక్లెట్ కర్మాగారం కట్టాడు. పిల్లలు లేని ఆ దంపతులు 1909లో అనాథ బాలురకు బడి పెట్టారు. 1918లో ఆయన తన ఆస్తిలో అత్యధిక భాగాన్ని ఆ బడికే వ్రాసి ఇచ్చాడు. ఆ బడి నేటికీ నడుస్తున్నది. చాక్లెట్ మాత్రం మా నాలుకకు కొంచెం పులుపు తగిలింది. అక్కడివారికి అదే ఇష్టమట.

ఆ సాయంత్రమే పెరట్లో నెగడు వేశారు. ఇంటి గోడకు దూరంగా, గుండ్రని ఇనుప కట్టు పాతి, చుట్టూ రాళ్ళు పేర్చారు. చలికాలం వస్తూండగా ఇటువంటి నెగడు చుట్టూ ఇరుగుపొరుగు కూర్చోవడం వాళ్ళకు వాడుక. కట్టెలు మాత్రం ఆ చుట్టుపక్కలవే కొనాలట, దూరంనుండి తేకూడదట. 2014లో ఆ రాష్ట్రంలో బయటపడిన ఒక మచ్చల పురుగు ద్రాక్షతోటలను పీల్చి పాడుచేస్తున్నది. దాని గుడ్లు కట్టెలను అంటుకుని కొత్త చోట్లకు చేరిపోతాయని ఈ కట్టుబాటు.

అబ్బాయి లావు దుంగలు నాలుగు పేర్చి, అడుగున కాగితాలు కుక్కి వెలిగించాడు. పొగ తప్ప మంట రాలేదు. మళ్ళీ వెలిగించాడు. మూడోసారి అందరమూ దగ్గుతూ లేచాము. అప్పుడు శాలువా కప్పుకుని మూలన కూర్చున్న పెద్దావిడ లేచి వచ్చి, "తప్పుకో నాయనా" అని దుంగలన్నీ తీసేశారు. రెండు చీలికలు ఎడంగా పెట్టి, మధ్యన చిదుగులు వేసి, మోకాళ్ళమీద వంగి ఊదారు. "పొయ్యికి గాలి కావాలిరా, నువ్వు కట్టెలతో ఊపిరాడకుండా చేస్తున్నావు" అన్నారు. మంట లేచింది. మనవరాలు నోరు తెరుచుకుని చూస్తున్నది. ఆ ఇంట్లో పొయ్యి అంటే నల్లని అద్దపు పలక, మీట తిప్పితే వేడెక్కుతుంది. నానమ్మకు ఇది వచ్చునని ఆ పిల్లకు ఎలా తెలుస్తుంది?

ఇక తినుబండారం సంగతి. దాని పేరు స్మోర్. మార్ష్‌మాలో అనే తెల్లని మెత్తని మిఠాయిని పుల్లకు గుచ్చి నిప్పుమీద కాల్చి, రెండు గోధుమ బిస్కెట్ల మధ్య చాక్లెట్ ముక్కతో కలిపి నొక్కుతారు. ఆ వేడికి చాక్లెట్ కరుగుతుంది. అంతే. పక్కింటి అమెరికా పెద్దావిడ చిన్ననాడు గర్ల్ స్కౌట్లలో ఉన్నదట. జూలియెట్ గోర్డన్ లో అనే ఆవిడ 1912లో ఆడపిల్లలకోసం పెట్టిన సంస్థ అది. ఆ సంస్థవారు 1927లో వేసిన పుస్తకంలో ఈ వంటకాన్ని చేర్చారు. పదహారు బిస్కెట్లు, ఎనిమిది చాక్లెట్లు, పదహారు మార్ష్‌మాలోలు, ఎనిమిది పుల్లలు అని అందులో కొలత. ఒకటి తింటే 'సమ్ మోర్', అంటే ఇంకొంచెం, అని అడుగుతారు గనుక ఆ పేరు. పలకగా పలకగా అదే స్మోర్ అయింది.

బిస్కెట్టుకు గ్రాహం క్రాకర్ అని పేరు. మాకు నవ్వు వచ్చింది ఇక్కడే. సిల్వెస్టర్ గ్రాహం 1794లో పుట్టిన ప్రెస్బిటేరియన్ బోధకుడు. సారా మానమని, మాంసము, మసాలాలు వద్దని, జల్లించని గోధుమపిండితో చేసిన రొట్టె తినమని ఊరూరా ప్రసంగించాడు. 1837లో బోస్టన్‌లో రొట్టెల దుకాణాలవారు, మాంసం దుకాణాలవారు తమ బేరం పోతుందని ఆయనమీద తిరగబడ్డారు కూడా. నాలుకకు రుచి ఎక్కువైతే మనసు చెడుతుందని ఆయన వాదం. అటువంటివాని పేరున్న బిస్కెట్టులో ఇప్పుడు పంచదార, తేనె, మైదా కలిపి, దానిమీద చాక్లెట్, ఆపైన మార్ష్‌మాలో పెట్టుకుని తింటున్నారు! బోధకులు చెప్పింది జనం ఎంతవరకు వింటారో మాకు తెలియనిది కాదు.

మార్ష్‌మాలో అన్నది మొదట చిత్తడి నేలల్లో పెరిగే ఒక మొక్క. మన బెండ, మందార కుటుంబంలోది. బెండకాయలాగే దాని వేరులోనూ జిగురుంటుంది. దానిని గొంతు నొప్పికి మందుగా వాడేవారు. ఇప్పటి మిఠాయిలో ఆ మొక్క ఏమీ లేదు. పంచదార, మొక్కజొన్న పాకం, జిలటిన్ ఉంటాయి. జిలటిన్ జంతువుల చర్మం, ఎముకలనుండి తీసేది గనుక, శాకాహారులైన మరొక తెలుగు కుటుంబంవారు అది లేని రకం వేరే తెచ్చుకున్నారు. కాల్చడానికి అదీ పనికివస్తుంది గాని త్వరగా జారిపోతుంది.

కాల్చడంలో ఓపిక కావాలి. మంటలో పెడితే మార్ష్‌మాలో అంటుకుని బొగ్గవుతుంది. మంట తగ్గి నిప్పులు ఎర్రగా ఉన్నప్పుడు, జానెడు ఎత్తున పట్టుకుని మెల్లగా తిప్పాలి. పైన బంగారు రంగు, లోపల జున్నులాగ అవుతుంది. ఒకవేళ అంటుకుంటే ఊది ఆర్పాలే గాని విదిలించకూడదు. కాలిన పాకం మీదపడితే చర్మానికి అంటుకుని బొబ్బ లేస్తుంది. పక్కన బక్కెట్టుతో నీళ్ళు ఉండాలి. మన పిల్లలెవరైనా ఇలా చేయబోతే ఒక మాట: గన్నేరు పుల్లలు మాత్రం వాడనివ్వకండి, అది విషం.

ఒకే తీరున తినాలన్న నియమం ఏమీ లేదు. పక్కింటావిడ మామూలు చాక్లెట్ బదులు వేరుశనగ ముద్ద నింపిన చాక్లెట్ బిళ్ళ పెట్టింది. 1928లో వాటిని మొదలుపెట్టిన రీస్ అనే ఆయన కూడా ఒకప్పుడు హెర్షీ పాడి పశువుల దగ్గర పనిచేసినవాడే. ఉప్పు బిస్కెట్లమధ్య పెడితే తీపి వెగటు పుట్టదని ఆవిడ చెప్పింది, నిజమే. కోడలు అరటిపండును తొక్కతోనే నిలువునా చీల్చి, చాక్లెట్ ముక్కలు, మార్ష్‌మాలోలు కూరి, అల్యూమినియం కాగితంలో చుట్టి నిప్పుల పక్కన పదినిమిషాలు ఉంచింది. చెంచాతో తినాలి. మాకు అన్నిటికంటె అదే నచ్చింది. పుల్ల పట్టుకోలేని పసివాళ్ళకు కూడా అదే మేలు. అబ్బాయి చాక్లెట్ మీద చిటికెడు కారం చల్లుకున్నాడు. ఎక్కడున్నా గుంటూరు గుంటూరే.

మేము కూడా ఊరుకోక, తీసుకువెళ్ళిన ఆత్రేయపురం పూతరేకు ఒకటి విప్పి, మార్ష్‌మాలో చుట్టూ చుట్టి నిప్పుమీద పెట్టాము. క్షణంలో భగ్గుమంది! పిల్లలు కేకలు వేశారు. మా ఇంటావిడ "మీ ప్రయోగాలు చాలు" అన్నది.

పెద్దావిడ అప్పటివరకు ఏమీ తినలేదు. మేము తెచ్చిన వేరుశనగ అచ్చుల పొట్లం విప్పి, ఒక స్టీలు పళ్ళెంలో రెండు అచ్చులు పెట్టి నిప్పు వారగా జరిపారు. బెల్లం పాకం కాస్త మెత్తబడగానే మనవరాలి చేతిలోని కాలిన మార్ష్‌మాలోను వాటి మధ్య పెట్టి నొక్కి, ఊది, పిల్ల నోటికి అందించారు. బిస్కెట్టు లేదు, చాక్లెట్ లేదు. బెల్లంలో ఉండే ఆ కొంచెం ఉప్పదనం, వేయించిన పప్పు కమ్మదనం వలన పంచదార తీపి తేలిపోలేదు. పిల్ల తినేసి "నానమ్మా, సమ్ మోర్" అన్నది. పక్కింటావిడ చప్పట్లు కొట్టింది. "దాన్ని తెలుగులో ఏమంటారు?" అని తల్లిని ఇంగ్లీషులో అడిగింది. తల్లి చెప్పేలోపే నానమ్మ అన్నారు, "ఇంకొంచెం."

"ఇంకొంచెం," అన్నది పిల్ల. ఆ రాత్రి ఆరు అచ్చులు అయిపోయాయి.

తరువాత పెద్దావిడ మాట్లాడడం మొదలుపెట్టారు. క్రిస్మస్ నెలలో ఆయన పెరట్లో తేగలు కాల్చేవారని, బూడిదలో చిలగడదుంపలు పూడ్చి పెట్టి పాటలు అయ్యేదాకా ఎవరినీ ముట్టనిచ్చేవారు కాదని, మునగచెట్టు ఆయన నాటినదేనని చెప్పారు. కోడలు పిల్లకు ఇంగ్లీషులో చెబుతున్నది. ఉన్నట్టుండి ఆమె మావైపు తిరిగి, "ఇల్లు అమ్మేస్తే నన్ను ఏ ఊరిదాన్నని చెప్పుకోమంటారు అయ్యగారూ?" అని అడిగారు.

మాకు నోట మాట రాలేదు. ఆ కాగితం సంగతి ఆమెకు ముందే తెలుసునేమో. అబ్బాయి తల ఎత్తకుండా నిప్పులు ఎగదోస్తూ కూర్చున్నాడు.

రాత్రి పదకొండు గంటలకు మా గది తలుపు తట్టాడు. "ఆ కాగితం అమ్మకు ఇచ్చారా?" అని అడిగాడు. ఇవ్వలేదన్నాము. చాలాసేపు గడపలోనే నిలబడ్డాడు. "మీ దగ్గరే ఉండనివ్వండి" అని వెళ్ళిపోయాడు.

తిరిగి వచ్చాక మేము మొదట చేసిన పని ఆ ఇంటికి వెళ్ళి చూడడం. మునగచెట్టు ఉంది, ఒక కొమ్మ విరిగింది. కొనేవారు రెండుసార్లు మా ఇంటికి వచ్చి కోపంగానే వెళ్ళారు, వారి బాధ వారిది. 2024 జూన్‌లో బడి సెలవులకు పెద్దావిడ మనవరాలితో కలిసి ఊరికి వచ్చారు. వంటగది పెంకులు మార్పించారు. పిల్ల తన పెట్టెలో మార్ష్‌మాలోల సంచి తెచ్చింది గాని, మన ఎండకు అవన్నీ కరిగి ఒక్క ముద్దయిపోయాయి. నానమ్మ కత్తిపీట ముందేసుకుని ఆ ముద్దను ముక్కలు కోస్తూంటే, పిల్ల మునగచెట్టు కింద చిదుగులు ఏరుతున్నది.