మా ఆవిడ మహాసభలో... నేను మద్రాసులో!

మా ఆవిడ పళ్ళ డాక్టరు. నేను పత్రికలకి రాసుకుని బతికేవాణ్ణి. చెన్నైలో మూడు రోజుల పాటు పళ్ళ డాక్టర్ల మహాసభ అంటే, "మీరూ రండి, హోటలు గది అద్దె ఒకరికైనా ఇద్దరికైనా ఒకటేగా!" అంది. ఈ లెక్క నాకు నచ్చింది. బయల్దేరాను.

సభ దగ్గర ఇద్దరికీ మెడలో వేసుకోవడానికి చెరో అట్టముక్క ఇచ్చారు. ఆవిడ అట్ట మీద పేరు, డిగ్రీలు, ఊరు. నా అట్ట మీద "సహచరుడు" అని మాత్రమే! కష్టపడి ప్యాసైన బి.ఏ.ని కూడా గుర్తించలేదు మహానుభావులు. మాలాంటి తోకల కోసం ఓ బస్సు, ఓ కార్యక్రమం కూడా వేశారండోయ్. మొదటిరోజు బట్టల కొట్లు. రెండోరోజు టీ నగరులో పట్టుచీరల కొట్లు. మూడోరోజు గుడి, దార్లో మళ్ళీ ఓ బట్టల కొట్టు. బస్సులో ఇరవైమంది ఆడవాళ్ళు, నేనొక్కణ్ణే మగాణ్ణి.

పాఠకులారా, మీలో రేపు డాక్టరునో, ప్రొఫెసరునో, బ్యాంకు ఆఫీసరునో పెళ్ళాడబోయేవాళ్ళు చాలామంది ఉంటారు. ఏదో ఒకనాడు మీ మెడలోనూ ఆ అట్ట పడక తప్పదు. సభ చెన్నైలో అయితే మాత్రం నా మాట వినండి. తొలిరోజు ఆ బస్సెక్కకండి! మన తెలుగు సినిమా పుట్టి పెరిగిన నేల మీదకి వెళ్ళి నిలబడి, కొట్ల సంగతి తర్వాత చూసుకోండి. మద్రాసు 1996లో చెన్నై అయింది కానీ పాతాళభైరవికీ, మాయాబజారుకీ ఊరు మద్రాసే. నేనూ అలాగే అంటాను, ఏమీ అనుకోకండి.

మా హోటలు వడపళనిలో. పొద్దున్నే ఆవిణ్ణి సభలో దించి, ఆర్కాట్ రోడ్డు పట్టుకుని నడక మొదలెట్టాను. వాహినీ స్టూడియో ఎక్కడా అని ఈనాటి కుర్రాణ్ణి అడిగితే తెల్లమొహం వేస్తాడు. విజయా హాస్పిటల్ అనండి, విజయా మాల్ అనండి, టక్కున చూపిస్తాడు. ఆ రెండూ ఉన్నది ఆ నేల మీదే! బి.ఎన్. రెడ్డి, మూలా నారాయణస్వామి గార్లు నిలబెట్టిన వాహినీ, తర్వాత నాగిరెడ్డి, చక్రపాణి గార్ల చేతికొచ్చి విజయా-వాహినీ అయింది. పాతాళభైరవి (1951), మిస్సమ్మ (1955), మాయాబజార్ (1957), గుండమ్మకథ (1962)... ఒక్కొక్క పేరూ రాస్తుంటేనే ఒళ్ళు పులకరిస్తోంది. 1972లో నాగిరెడ్డిగారే అక్కడ ఆస్పత్రి పెట్టారు. 2013లో మాల్ వచ్చింది.

మాల్ లోపలికి వెళ్ళాను. పైన తినుబండారాల అంగళ్ళు, పిజ్జాలు కొరుకుతున్న కుర్రకారు. పెళ్ళివారి విందంతా ఒంటిచేత్తో ఖాళీ చేసిన ఎస్వీ రంగారావుగారి ఘటోత్కచుడు ఈ ఆవరణలోనే కదా భోంచేసింది అనుకుంటే నవ్వొచ్చింది. మార్కస్ బార్ట్లీ గారు దీపాలతో వెన్నెల కాయించిన చోట ఇప్పుడు తెల్లటి లైట్లు పగలూ రాత్రీ వెలుగుతున్నాయి. నవ్వు కాస్త తగ్గింది.

బయటికొచ్చి టీ తాగుతుంటే, పక్కన బల్ల మీద పెద్దాయన నా ఫోను మాటలు విని, "తెలుగోళ్ళా సామీ?" అన్నాడు. చిత్తూరు జిల్లావాడట. పదహారో ఏట రైలెక్కి వచ్చి వాహినీలో లైట్‌బాయ్‌గా చేరాడట. తెలుగులో అరవ యాస బాగా కలిసిపోయింది. ఏ ఫ్లోరు ఎక్కడుండేదో, పైన లైట్లు కట్టే పరంజా మీద కూర్చుని మధ్యాహ్నం ఎలా కునికేవాళ్ళో చేతులు తిప్పుతూ చెప్పాడు. చివరికి ఆస్పత్రి వైపు చూపించి, "నా మనవరాలు పుట్టింది ఆడనే సామీ. నేను లైటు పట్టిన జాగాలోనే" అన్నాడు.

ఆ మాట విన్నాక, స్టూడియో పోయిందే అని ఏడవడానికి నాకు నోరు రాలేదు. "హైదరాబాదులో ఇప్పుడు ఎన్ని ఫ్లోర్లు సామీ?" అని అడిగాడు. లెక్క చెప్పలేక టీ డబ్బులు నేనిచ్చాను. 1976లో హైదరాబాదులో అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచారు. ఆ తర్వాత మన సినిమా అంతా మెల్లిమెల్లిగా అటే సర్దుకుంది. తారలు విమానాల్లో వెళ్ళిపోయారు. ఈయనలాంటి లైట్‌బాయ్‌లు చాలామంది పిల్లల చదువులకీ, అద్దె ఇళ్ళకీ కట్టుబడి ఇక్కడే ఉండిపోయారు. సినిమా చరిత్రలు రాసేవాళ్ళు ఈ సంగతి ఒక్క వాక్యంలో తేల్చేస్తారు.

అదే రోడ్డు మీద ఏవీఎం స్టూడియో. గేటు దగ్గర ఆ గ్లోబు చూడగానే మీకే తెలుస్తుంది. 1958లో ఎన్టీఆర్ రావణాసురుడిగా, ఏఎన్నార్ నారదుడిగా వచ్చిన భూకైలాస్ ఈ సంస్థదే. 2023లో ఇక్కడ ఓ మ్యూజియం తెరిచారు. పాత కెమెరాలు, శబ్దం పట్టే యంత్రాలు, వరసగా పాతకాలం కార్లు. కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు బయటికి రారు. నాకు కార్లకంటే కెమెరాల దగ్గరే ఎక్కువసేపు పట్టింది. ఆ బరువు చూస్తే, వాటిని భుజాన మోసినవాళ్ళకి దండం పెట్టాలనిపిస్తుంది. వెళ్ళేముందు వేళలు కనుక్కుని వెళ్ళండి. కాస్త దూరంలోని సాలిగ్రామంలో ప్రసాద్ స్టూడియో. తొలి హిందీ టాకీ ఆలం ఆరా, తొలి తమిళ టాకీ కాళిదాస్, తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద, మూడింట్లోనూ వేషం వేసిన ఒకే ఒక్క మనిషి ఎల్.వి. ప్రసాద్ గారు. దాన్ని నేను బయటి నుంచే చూశాను.

రాత్రి గదికి వచ్చి ఇదంతా చెబుతుంటే మా ఆవిడ చెప్పులు విప్పి మంచం మీద వాలి, "పొద్దుట్నించీ చిగుళ్ళ బొమ్మలు చూసీ చూసీ కళ్ళు పోయాయి. మీటింగు నాదీ, ఊరు మీదీనా?" అంది. నవ్వుతూనే అంది. కానీ నాకు గుచ్చుకుంది. ఊళ్ళు తిరగాలని నాకంటే ఎక్కువ సరదా ఆవిడకే.

రెండోరోజు మెట్రో ఎక్కాను. వడపళని నుంచి ఎగ్మూరుకి బండి మారే పనే లేదు. అక్కడి ప్రభుత్వ మ్యూజియం 1851 నాటిది. శుక్రవారం సెలవు, మరిచిపోకండి. అమరావతి స్తూపం శిల్పాలు ఇక్కడ ఓ గది నిండా ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే దొర తవ్వించి మద్రాసుకి తెప్పించిన రాళ్ళలో చాలా భాగం ఓడెక్కి లండన్ బ్రిటిష్ మ్యూజియంకి పోయాయి. ఇక్కడ మిగిలినవి చూడ్డానికే నాకు గంటన్నర పట్టింది. మన గుంటూరు సీమ రాయి, పక్కన అరవంలో చీటీ! సినిమా పిచ్చోళ్ళకి ఓ మాట. మన జానపద చిత్రాల్లో రాజనర్తకి నడుముకి వడ్డాణం చూసి మురిసిపోతారే, ఈ రాళ్ళ మీది అమ్మాయిల నడుములు చూసి రండి.

మధ్యాహ్నం టీ నగరులో మన 'సహచరుల' బస్సు కనబడింది. చీరల కొట్టు మెట్ల మీద గుంటూరు డాక్టరుగారి భార్య, అరవై దాటిన పెద్దావిడ, విసుగ్గా కూర్చుని ఉంది. "పిన్నిగారూ, బజుల్లా రోడ్డు దాకా వస్తారా?" అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. "రామారావుగారి ఇల్లా! పదబ్బాయ్!"

ఆ రోజుల్లో తిరుపతి వెళ్ళిన తెలుగువాళ్ళు బస్సుల మీద అట్నుంచటు మద్రాసు వచ్చి ఎన్టీఆర్ గారిని చూసి వెళ్ళడం ఓ ఆచారం. పిన్నిగారికి అప్పుడు ఎనిమిదేళ్ళట. వెంకన్నకి జుట్టు ఇచ్చేసి, గుండుతోనే ఆయన ముందు నిలబడిందట. "నా గుండు నిమిరాడయ్యా. ఇంటికొచ్చాక మా అమ్మ తలంటుతానంటే వారం రోజులు ఒప్పుకోలేదు" అంది రోడ్డు వారన నిలబడి. ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంటే నేను అటు తిరిగి స్కూటర్లు లెక్కపెట్టాను. దగ్గర్లోనే హబీబుల్లా రోడ్డు, సావిత్రిగారు ఉన్న వీధి. 2018లో 'మహానటి' చూసి ఏడ్చినవాళ్ళు ఓసారి నడిచి రావచ్చు. తర్వాత పానగల్ పార్కులో కాసేపు కూర్చున్నాం. వేషాల కోసం మద్రాసు రైలెక్కినవాళ్ళ కబుర్లలో ఈ పార్కు రాకుండా ఉండదు. మద్రాసు ప్రెసిడెన్సీకి 1921 నుంచి 1926 దాకా ముఖ్యమంత్రిగా ఉన్న పానగల్ రాజా పేరు అది. ఆయనా మన కాళహస్తివాడే.

మూడోరోజు నేను అడగలేదు. ఆవిడే అట్ట తీసి సంచిలో పడేసి, "ముగింపు సభలో సన్మానాలేగా, పదండి" అంది. టాక్సీ మాట్లాడుకుని ఈసీఆర్ రోడ్డు మీద సముద్రం పక్కనే పోయాం. దారిలో ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర. మంగళవారం తప్ప మిగతా రోజుల్లో తెరుస్తారు. దక్షిణాది పాత ఇళ్ళు ఒక్కోటీ ఊళ్ళ నుంచి తెచ్చి మళ్ళీ కట్టారు. మన కోస్తా చుట్టిల్లు ఉంది, ఇక్కత్ నేసేవారి ఇల్లూ ఉంది. చుట్టిల్లు అరుగు మీద కూర్చుని మా ఆవిడ అరగంట లేవనంది. లేపలేదు.

మహాబలిపురం గురించి పెద్దగా రాయను. పంచరథాలు, సముద్రపుటొడ్డు గుడి, అర్జునుడి తపస్సు, అన్నీ మీరు పాటల్లో చూసినవే. 1984 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. ఊరికి కాస్త ఇవతల సాలువాన్‌కుప్పంలో పులిగుహ మాత్రం వదలకండి. రాతి గుహ ద్వారం చుట్టూ కోరలు చూపిస్తున్న యాళి తలలు! టూరిస్టులంతా ఫోటోల్లో పడ్డారు. మా ఆవిడ దగ్గరికి వెళ్ళి ఒక్కో నోట్లోకీ తొంగి చూసి, "పన్నెండొందల ఏళ్ళయినా ఒక్కటి కూడా కదల్లేదు. ఎవరండీ ఈ డాక్టరు?" అంది.

పల్లవుల ఆస్థానంలో వెతకమన్నాను. ఎండ దిగేదాకా అక్కడే చెట్టు కింద కూర్చుని, సంచిలోని పూరీలు తిన్నాం.