తేజ రేటు

సంచికకు కవిత ఇమ్మన్నారు మిత్రులు. నాకు కవిత్వం రాదు. వచ్చిన పనిలో చేసిన పొరపాటొకటి ఉంది, అది రాస్తాను.

కిందటేడు సంక్రాంతి సెలవుల్లో, గుంటూరు యార్డు మిర్చి రేట్లు మా ఊరివాళ్ళకు తెలిసేలా చిన్న వెబ్‌సైటు కట్టాను. మొదట్లో ఒక్కో రకం చిరునామా చివర ప్రశ్నార్థకం, ఐడీ, సమానం గుర్తు, 7 అని ఉండేది. "ఇదేం చిరునామారా, కోర్టు కాయితం నంబరులాగా!" అన్నాడు నాన్న.

నిజమే మరి. ఇంగ్లీషు అక్షరాల్లో 'మిర్చి, గీత, తేజ' అని మార్చాను. తమాషా ఏమిటంటే సర్వరులో మిర్చి అనే ఫోల్డరూ లేదు, తేజ అనే ఫైలూ లేదు. ఊరికే అడిగితే 404 అంటుంది. అపాచీ సర్వరుకు 1996లో రాల్ఫ్ ఎంగెల్‌షాల్ రాసిన మోడ్ రీరైట్ ఇక్కడ పనికొస్తుంది. అడిగిన పేరుతో నిజంగా ఫైలుంటే అదే ఇవ్వు, ఫోల్డరుంటే అదే ఇవ్వు, రెండూ లేకపోతే ఇండెక్సుకు అప్పజెప్పు, అంతే. మొదటి రెండు షరతులూ మరిచి ఒక పూటంతా తల పట్టుకున్నాను. బొమ్మనడిగినా, రంగులు దిద్దే సీఎస్ఎస్ ఫైలునడిగినా ఇండెక్సే పలికేది. పేజీ బోసిగా నిలబడేది.

ఇండెక్సు ఆ చిరునామాను గీతల దగ్గర తుంచి, చివరి ముక్కను పట్టికలో వెతుకుతుంది. దొరక్కపోతే? పేజీ ఖాళీగా ఉంటే బాగోదని, పట్టికలో మొదటి వరస చూపమన్నాను. పైన శీర్షిక మాత్రం చిరునామాలోంచే తీసుకున్నాను. విడివిడిగా చూస్తే రెండూ తప్పనిపించలేదు నాకు.

మార్చిలో ఒకరోజు మా బాబాయి కొడుకు చిరునామా కొట్టాడు. తేజ చివర ఒక 'ఎ' ఎక్కువ పడింది. పట్టికలో మొదటి వరస 334 రకానిది. పైన తేజా అని పేరు, కింద 334 రేటు! ఆ రోజు తేజ అంతకంటే బాగా పలికింది. నాన్న మాత్రం నా పేజీని నమ్మి, ఇంటికొచ్చిన బేరగాడికి పది టిక్కీలు కాటా వేయించేశాడు.

రెండు రోజులకు నాకు తెలిసింది. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. రాత్రి హాస్టలు మెట్లమీద కూర్చుని ఫోను చేశాను. నాన్న కాసేపు మాట్లాడలేదు.

"లేకపోతే లేదని చెప్పొచ్చుగదరా అది," అన్నాడు.

ఇప్పుడు తెలియని పేరొస్తే అలాంటి రకం లేదని చెప్పి, ఉన్నవాటి జాబితా చూపుతుంది. ఆ మాట తెరమీద రాస్తే చాలదు, సర్వరు కూడా 404 అనే చెప్పాలి. 200 అంటే గూగుల్ లాంటివి దాన్నీ నిజం పేజీ అనుకుంటాయి. వాట్సాప్‌లో తిరుగుతున్న పాత ఐడీ చిరునామాలను 301తో కొత్తవాటికి పంపుతున్నాను.

నాన్న ఇప్పటికీ అందులోనే రేటు చూస్తాడు. చూశాక యార్డులో తెలిసినాయనకు ఒకసారి ఫోను చేస్తాడు.