బుడగ మోసుకొచ్చిన జింకు

నీటికన్నా నాలుగు రెట్లు బరువైన రాయి నీళ్లమీద తేలుతుందంటే నమ్ముతారా? తేలుతుంది! నురగతో ఖనిజాన్ని తేల్చే ఫ్రోత్ ఫ్లోటేషన్ పద్ధతి గురించి తెలిసిన దగ్గర్నుంచీ కనబడ్డవాళ్లందరికీ ఇదే చెబుతున్నాను.

ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ గనుల్లో సీసం, వెండి, జింకు మూడూ ఉండేవి. మొదటి రెండూ తీసుకుని జింకును గుట్టలుగా పారబోసేవాళ్లు. అక్కర్లేక కాదు, చేతగాక. దాంతో కలిసిన గార్నెట్, రోడోనైట్ రాళ్లూ ఇంచుమించు అంతే బరువు. నీళ్లలో జాడించి బరువును బట్టి విడదీసే పాత పద్ధతి అక్కడ పారలేదు. 1900 దాటాక మెల్‌బోర్న్‌లో బీరు తయారుచేసే చార్లెస్ పాటర్, గని కంపెనీ మేనేజరు డెల్‌ప్రాట్ ఎవరికి వారే దారి కనుక్కున్నారు. ఆ గుట్టల్లోని రాతిపొడిని వేడి ఆమ్లంలో వేస్తే వాయువు బుడగలు పుట్టి, జింకు రేణువుల్ని పట్టుకుని పైకి లేచాయి! బీరు నురగతో రోజూ పనిచేసే మనిషికి ఇది తట్టిందంటే నాకెంత ముచ్చటేసిందో! ఆ గుట్టల కోసమే 1905లో జింక్ కార్పొరేషన్ పుట్టింది. దాని వెనకున్నవాళ్లలో హెర్బర్ట్ హూవర్ ఒకరు, తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఆయనే.

ఇప్పటి పద్ధతి ఇంకా అందం. రాతిపొడి కలిపిన నీళ్లలో ముందు కాస్త మైలుతుత్తం వేస్తారు. అందులోని రాగి జింకు రేణువు పైకి చేరుతుంది. తర్వాత జాంథేట్ అనే రసాయనం వేస్తే అది ఆ రాగిని పట్టుకుంటుంది. ఇక ఆ రేణువుకు తామరాకులా నీరంటదు. పక్కనున్న మామూలు రాతి రేణువు మాత్రం తడుస్తూనే ఉంటుంది. కింద నుంచి గాలి వదిలాక జరిగేదాన్ని నెమ్మదిగా నడిచే వీడియోలో చూశాను: రేణువు బుడగ నెత్తిన పడింది, పక్కకు జారింది, అడుగుకు చేరి అతుక్కుపోయింది. దాని వెనకే ఇంకోటి, ఇంకోటి. బుడగ కింది సగమంతా నిండిపోయింది, అయినా పైకే పోతోంది!

చిక్కల్లా మరీ సన్నటి రేణువులతోనే. అవి బుడగను తాకకుండా నీటితోపాటే పక్కనుంచి తప్పుకుపోతాయి. న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో గ్రేమ్ జేమ్సన్ 1980ల్లో దీనికి చక్కటి మార్గం చూపారు. గొట్టంలోకి రాతిపొడి కలిపిన నీటిని జోరుగా చిమ్మితే గాలిని తనే లాక్కుని సన్నటి బుడగలుగా చీలుస్తుంది. గాలిని కలపడానికి తిరిగే చక్రం కూడా అక్కర్లేదు!

రాగి కరిగించాక మిగిలే స్లాగ్‌ను సైతం మెత్తగా నూరి ఇలాగే రాగి తేలుస్తున్నారు. ముందు దాన్ని నెమ్మదిగా చల్లారుస్తారు. తొందరపడి చల్లార్చకపోతే లోపలి రాగి రేణువులు ఒకచోట చేరి, బుడగకు దొరికేంత పెద్దవవుతాయి.