రత్నవర్తకుడు ఎక్కిన కొండబాట

సూరత్ నగరంలోని వరాఛా వీధులలో నేటికీ వజ్రాలకు సానపట్టే చక్రాల రొద వినిపిస్తుంది. తపతీ తీరాన వెలసిన ఈ నగరం పదిహేడవ శతాబ్దంలో మొగలు సామ్రాజ్యానికి ప్రధానమైన రేవు. అక్కడికి వచ్చిపోయే రత్నవర్తకుల దృష్టి మాత్రం తెలుగుదేశపు గనులపై నిలిచి ఉండేది. వారిలో ఫ్రెంచి దేశస్థుడు టావెర్నియర్ ఒకడు. 1652లో అతడు కడప సీమలోని గండికోటకు చేసిన ప్రయాణం ఈనాటికీ స్మరింపదగినది.

తన ముత్యాలను గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షాకు విక్రయించాలని అతని సంకల్పం. కాని మీర్ జుమ్లా ముందుగా చూడనిదే సుల్తాను విలువైన సరుకేదీ కొనడు. ఆ మంత్రి అప్పుడు, కొత్తగా జయించిన గండికోటలో విడిసి ఉన్నాడు. మచిలీపట్నంలో ఓడ దిగిన వర్తకుడు మద్రాసు మీదుగా ఆ కొండలకు రాక తప్పలేదు.

కోటకు చేరే బాట ఒక్కటే. దాని వెడల్పు 20, 25 అడుగులకు మించదనీ, కొన్ని తావుల 7, 8 అడుగులేననీ అతడు వ్రాసుకున్నాడు. ఒక ప్రక్క నిలువునా కొండ. వేరొక ప్రక్క కన్ను తిరిగే అగాధం. దాని అడుగున నది. ఆ బాటయే కోటకు మొదటి ప్రాకారం.

పైన మీర్ జుమ్లా కాలివ్రేళ్ల సందులలోనూ, ఎడమచేతి వ్రేళ్ల నడుమనూ లేఖలు ఇరికించుకొని, లేఖకులకు జవాబులు చెబుతూ కనిపించాడు. అయిదు చిన్న సంచులలోని వజ్రాలు చూపి, ఇవి మీ దేశంలో చెల్లుతాయా అని అడిగాడు. అవి చిన్నవి, నల్లని ఛాయ గలవి. ఐరోపాలో తెల్లని రాళ్లకే గిరాకీ అని వర్తకుడు దాచక చెప్పాడు. తరువాత గోల్కొండలో అతని బేరమూ కుదరలేదు. అతడు సూరత్ దారి పట్టాడు.

ఇప్పుడు జమ్మలమడుగు నుండి కోటకు సుమారు 15 కిలోమీటర్ల తారు రోడ్డు ఉన్నది. జుమ్మా మసీదును, ధాన్యాగారాన్ని, రఘునాథాలయాన్ని దాటి నడిస్తే నేల హఠాత్తుగా ముగుస్తుంది. ఎర్రమల కొండలను పెన్న కోసిన గండి అది. కోటకు పేరిచ్చినదీ అదే. లోతు సుమారు 300 అడుగులు. వంద కోట్ల ఏండ్లకు పైబడిన ఎర్రని శిలలు పేర్చిన పలకల వలె నిలిచి ఉంటాయి. ఇక్కడి నుండి కాలినడకయే శరణ్యం. బండరాళ్లకు చేతులానించి, అడుగు చూచి అడుగు వేయాలి. వానలు పడినప్పుడు రాయి జారుతుంది; వేసవి మధ్యాహ్నం అదే రాయి కాలుతుంది. శీతకాలపు ఉదయమే అనువైన సమయం. నీరు వెంట ఉండాలి.

1980ల నుండి ఆస్ట్రేలియాలోని ఆర్గైల్ గని పంపిన చిన్న చిన్న గోధుమవన్నె రాళ్లకు సానపట్టి సూరత్ వర్ధిల్లింది. మీర్ జుమ్లా సంచులలోని రాళ్లు నేడైతే ఆ వీధులలో ధర పలికేవేమో! ఆ గని 2020లో మూతపడింది. గండికోట అంచున నిలిచినవానికి మాత్రం, వర్తకుని జడిపించిన ఆ లోతు నేటికీ కంటి ముందే ఉన్నది.