జన్నారం అడవికి ఏ నెలలో?

పిల్లలు గుల్మార్గ్ మంచు చూడాలన్నారు. మోకాళ్ల నొప్పులతో బాధపడుతున్న అబ్బాజాన్ అంత దూరం రాలేరు. ముప్పై యేళ్లు భూగర్భ గనిలో పనిచేసిన ఆయనకు మన జిల్లాలోని జన్నారం అడవినైనా చూపాలని నిశ్చయించుకున్నాం.

1965లో అభయారణ్యమైన కవ్వాల్, 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటితమైంది. వానాకాలంలో టేకువనం పచ్చగా కళకళలాడినా సఫారీ ఉండదు. వేసవిలో నీటికుంటల దగ్గర జంతువులు సులువుగా కనబడతాయి గాని, మంచిర్యాల ఎండ సంగతి మీకు వేరే చెప్పాలా? కనుక డిసెంబరులో, ఫజ్ర్ నమాజు ముగించుకొని బయలుదేరాం. పెద్దలుంటే ఉన్ని శాలువ మరవకండి. ఆ వేళ చలి ఎముకలు కొరుకుతుంది. పులి దర్శనమివ్వలేదు. చుక్కల దుప్పులు మాత్రం గుంపుగా దాటిపోయాయి.

అబ్బాజాన్ ఒక టేకు మానును తడిమి, "మేము తవ్విన బొగ్గు కూడా ఒకనాటి అడవే కదా, బేటా!" అన్నారు. చాలాసేపు అక్కడే కూర్చున్నారు.