పొదుగు పెట్టకు పథ్యం

తెలుగులో 'పొదుగు' అన్న మాట చేసే పనులు చూస్తే ముచ్చట వేస్తుంది. కంసాలి బంగారంలో రత్నాన్ని పొదుగుతాడు. కోడిపెట్ట గుడ్లను పొదుగుతుంది. ఆవు పాలు నిలిచే చోటు కూడా పొదుగే. పాలిచ్చే జంతువుల్లో పాలకు కారణమైన ప్రొలాక్టిన్ అనే హార్మోనే కోడిని గుడ్ల మీద కూర్చోబెడుతుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. మాటల కలయిక యాదృచ్ఛికమే కావచ్చు గానీ, అది తెలిసిననాడు నాకు నిధి దొరికినంత సంబరం కలిగింది. అయితే రత్నాన్ని పొదిగిన బంగారానికి ఆకలి లేదు, కోడికి ఉన్నది. ఈ టపా ఆ ఆకలిని గూర్చి. కోడి కడుపుబ్బరం కూడా రాయదగిన విషయమేనా అని నవ్వేవారు నవ్వవచ్చు, నాకభ్యంతరం లేదు.

కొండపల్లిలో మా అమ్మ ఒక్కతే ఉంటున్నది. తోడు అయిదారు నాటుకోళ్ళు. వాటిలో ఎర్రటి పెట్ట ఒకటి 2025 ఫాల్గుణమాసంలో పొదుగుకు కూర్చుంది. పుంజుల రంగులకు డేగ, కాకి, నెమలి, సేతువ అంటూ ఎన్నో పేర్లు పెట్టుకున్న పందెగాళ్ళ దేశం మనది. పెట్టకు మాత్రం 'ఎర్రపెట్ట' అన్న పేరే చాలింది. అమ్మ గంపలో ఇసుక పోసి, వరిగడ్డి పరిచి, పదకొండు గుడ్లు సర్దింది. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా ఒక ఇనుపమేకు, ఒక బొగ్గుముక్క గడ్డిలో దాచింది. అది మా నాయనమ్మ నుంచి వచ్చిన నమ్మకం.

నేను వెళ్ళేటప్పటికి తొమ్మిదోరోజు. పెట్ట గంప దిగడం లేదు. దించితే మెడ ముడుచుకుని నిలబడుతున్నది గానీ నూకలు ముట్టడం లేదు. రెట్ట కొద్దిగా, ఆకుపచ్చగా పడుతున్నది. అంతకు నెల ముందే, ఫిబ్రవరిలో, తణుకు దగ్గరి వేల్పూరులోనూ, మరికొన్ని చోట్లా కోళ్ళఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. జనం కోడికూర మానేసిన రోజులవి. పక్కవీధిలో బొమ్మలు చెక్కే బాబాయి గోడ మీదుగా చూసి, "వదినా, ఇది కొక్కెరో, ఆ కొత్త రోగమో. గొయ్యి తీయించు, మిగతావైనా దక్కుతాయి" అన్నాడు. ఆయన మాటలో దురుద్దేశమేమీ లేదు. ఆ నెలలో ఎవరైనా అదే అని ఉండేవారు.

నిజానికి పొదుగుకు కూర్చున్న పెట్టను చూసి రోగమా, స్వభావమా అని తేల్చుకోవడం కష్టమే. అది రోజుకొకసారి, పదిహేను ఇరవై నిమిషాలు మాత్రమే లేస్తుంది. ఆ కాస్తలోనే మేత, నీళ్ళు, మట్టిస్నానం. రోజంతా బిగబట్టుకున్న రెట్టను ఒక్కసారిగా ముద్దగా, దుర్వాసనతో వేస్తుంది. తెలియనివారు దానిని పారుడు అనుకుంటారు. ఇరవై ఒక్క రోజుల్లో బరువు తగ్గడమూ సహజమే. ఆకుపచ్చ రెట్ట కొక్కెర తెగులులో కనిపించే మాట నిజమే గానీ, ఖాళీ కడుపున పైత్యరసం ఒక్కటే దిగినా రెట్ట ఆ రంగులోనే ఉంటుంది. అమ్మ మిగతా కోళ్ళను చూపించింది. అవి చలాకీగా పెంట కెలుకుతున్నాయి. ముక్కు కారడం, గురక, మెడ తిరగడం దేనికీ లేవు.

పశువుల డాక్టరు ఫోనులో ఒకే ప్రశ్న అడిగారు: "తెల్లవారుజామున, మేత పెట్టకముందు, మెడ కింద సంచి తడిమి చూశారా?"

కోడికి పళ్ళు లేవు. తిన్నది ముందు ఆ సంచిలో నిలిచి, నాని, తర్వాత కందనకాయలోకి దిగి, అక్కడ తాను మింగిన చిన్న రాళ్ళ మధ్య నలుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న కోడికి రాత్రి నిండిన సంచి తెల్లవారేసరికి ఖాళీ కావాలి. నీళ్ళతిత్తిలా మెత్తగా ఉండి నోరు పులిసిన వాసన వేస్తే అది బూజు జాతి క్రిమి వల్ల వచ్చే పులుపు. గట్టిగా ముద్దకట్టి ఉంటే అడ్డుపడినట్టు. మరునాడు చీకటితోనే చూశాను. నిమ్మకాయంత ముద్ద, గట్టిగా తగిలింది. వాసన లేదు. కూర్చున్నచోటే అందిన గడ్డిపరకలు మింగి, నీళ్ళు తాగక, కదలక ఉండే పెట్టల్లో ఇది జరుగుతుందని డాక్టరు చెప్పారు. తలకిందులుగా పట్టి కక్కించవద్దని మరీ మరీ చెప్పారు. ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణమే పోతుంది.

ఇక్కడ వచ్చింది అసలు చిక్కు. వైద్యం చేయాలంటే పెట్టను గంప దించాలి. దించితే గుడ్లు చల్లబడతాయి. అప్పటికే రాత్రి టార్చి వెలుతురులో చూస్తే పదకొండింటిలో తొమ్మిదింటిలో ఎర్రటి నరాలు సాలెగూడులా అల్లుకుని ఉన్నాయి. "గుడ్లు పోతే పోనీ అమ్మా, పెట్ట బతికితే మళ్ళీ పెడుతుంది" అన్నాను.

అమ్మ వెంటనే బదులివ్వలేదు. కాసేపటికి అన్నది: "మీ నాన్న మంచాన పడ్డ మూడు నెలలూ నేను ఏ పూట తిన్నానో నాకే గుర్తులేదు. తర్వాత కడుపులో పుండని మందులు మింగాను. నన్ను ఆ మంచం దగ్గర నుంచి లేపితే బాగయ్యేదాన్నా? కూర్చున్నదాన్ని లేపకురా. కూర్చున్నచోటికే అన్నం తీసుకురా."

అలాగే చేశాం. గింజలు పూర్తిగా మానేశాం. రోజుకు మూడుసార్లు, ప్రతిసారీ పది నిమిషాలకు మించకుండా దించి, గుడ్ల మీద పాత శాలువా కప్పాం. పెట్ట తానుగా లేచే సమయం కంటే ఒక్కోసారి తక్కువే గనుక గుడ్లకు భయం లేదు. ముక్కు పక్కనుంచి చుక్క చుక్కగా గోరువెచ్చని నీళ్ళు, నాలుగు చుక్కల కొబ్బరినూనె. ఆపైన ఆ ముద్దను వేళ్ళతో గుండ్రంగా, నెమ్మదిగా మర్దన. మొదటిరోజు నా చేతిని రక్తం వచ్చేలా పొడిచింది. రెండోరోజు సాయంత్రానికి ముద్ద మెత్తబడింది. మూడోనాటి తెల్లవారుజామున సంచి ఖాళీ. ఆ పూట దానికి జావలా ఉడికించిన నూకలు, తర్వాత చిటికెడు సన్నరాళ్ళు. గంప పక్కనే నీళ్ళమూకుడు పెట్టాం. గడ్డి తీసేసి, బాబాయి పంపిన పాత గోనెపట్టా పరిచాం.

ఇరవై ఒకటో రోజున, ఆ మరునాడు కలిపి ఏడు పిల్లలు దిగాయి. రెండు గుడ్లలో పిల్ల పెంకులోనే పోయింది. బాబాయి మనవరాలు వచ్చి ఏడింటినీ మూడుసార్లు లెక్కపెట్టింది.

ఫారాల్లో పెరిగే వైట్ లెగ్‌హార్న్ కోళ్ళు సాధారణంగా పొదుగుకు కూర్చోవు. కూర్చున్నన్నాళ్ళూ పెట్ట గుడ్లు పెట్టదు గనుక, మనుషులు తరతరాలుగా ఏరి ఏరి ఆ గుణాన్ని తగ్గించారు. యంత్రం పొదుగుతుంది, కోడి పెడుతుంది. లెక్క ప్రకారం అది సబబే. అమ్మ లెక్క వేరు. ఆమె పెరట్లో ఇంకా కూర్చోవడం తెలిసిన పెట్టలున్నాయి. వాటికి కావలసినదల్లా పూటకొకసారి సంచి తడిమి చూసే చెయ్యి.

చివరగా ఒక సందేహం. కందనకాయకు మనకు చక్కని మాట ఉన్నది. దానికి ముందున్న ఆ మేత సంచిని మా అమ్మ 'సంచి' అనే అంటుంది. మీ ఊళ్ళల్లో అంతకంటే మంచి పేరు వినబడితే నాకు చెప్పండి, దాచుకుంటాను.