బుద్ధుడి దారిలో పున్నములు

బౌద్ధుల పెద్ద పండుగలు చాలావరకు పున్నమి నాడే వస్తాయి. ఒక్కో పున్నమి బుద్ధుడి జీవితంలో ఒక్కో ఘట్టాన్ని, ఆ ఘట్టం జరిగిన ఊరిని గుర్తుచేస్తుంది. ఆ ఊళ్ళను వరసగా చూడాలని బయల్దేరిన మా యాత్ర నేపాల్‌లోని లుంబినిలో మొదలైంది.

లుంబినిలో మాయాదేవి గుడి పక్కనే అశోకుడి రాతిస్తంభం ఉంది. బుద్ధుడు ఇక్కడ పుట్టాడు కనుక ఈ ఊరి శిస్తు తగ్గించానని చక్రవర్తి దానిపై బ్రాహ్మీ లిపిలో చెక్కించాడు. ఆ పుట్టుక వైశాఖ పున్నమి నాటిది. బోధ్‌గయలో రావిచెట్టు కింద జ్ఞానోదయం, కుశీనగరంలో మహాపరినిర్వాణం కూడా ఆ పున్నమి నాడే జరిగాయని థేరవాద బౌద్ధుల నమ్మకం. అందుకే శ్రీలంక, థాయిలాండ్, మయన్మార్ దేశాల్లో వైశాఖ పున్నమికి అంత ప్రాముఖ్యం. జపాన్‌లో మాత్రం పుట్టుకకు ఏప్రిల్ 8, జ్ఞానోదయానికి డిసెంబర్ 8, పరినిర్వాణానికి ఫిబ్రవరి 15.

బోధ్‌గయ తర్వాత సారనాథ్. ఇక్కడి జింకల వనంలో ఆషాఢ పున్నమి నాడు బుద్ధుడు ఐదుగురు తాపసులకు తొలిసారి ధర్మం బోధించాడు. అదే ధర్మచక్ర ప్రవర్తనం. సంఘం పుట్టిందీ అప్పుడే. మర్నాటి నుంచి వర్షావాసం. వానల్లో తిరిగితే లేత మొలకలు, పురుగులు కాళ్ళకింద నలుగుతాయని భిక్షువులు మూడు నెలలు ఒకేచోట ఉంటారు. ఆశ్వయుజ పున్నమికి అది ముగుస్తుంది. ఆనాడు ప్రతి భిక్షువూ తన తప్పులేమైనా ఉంటే చెప్పమని తోటివారిని వేడుకుంటాడు, ఇది ప్రవారణ. ఆపై నెలలోపు గృహస్థులు భిక్షువులకు వస్త్రాలిచ్చే కఠిన చీవరదానం చేస్తారు.

సారనాథ్ తర్వాత రాజగృహం. ఇక్కడి వేణువనానికి మాఘ పున్నమి నాడు 1,250 మంది అర్హతులు, అంటే నిర్వాణం పొందిన భిక్షువులు, పిలవకుండానే వచ్చారంటారు. థాయిలాండ్‌లో ఆ రోజును మాఘపూజగా జరుపుతారు. అసలు పున్నమికే ఈ పవిత్రత ఎందుకన్న ప్రశ్నకు జవాబూ రాజగృహంలోనే ఉంది. ఇతర మతాల పరివ్రాజకులు పక్షంలో ఎనిమిదో, పద్నాలుగో, పదిహేనో రోజుల్లో చేరి ధర్మం చెబుతుంటే జనం వారి దగ్గరికి వెళ్ళేవారు. బౌద్ధ భిక్షువులూ అలా చేరితే బాగుంటుందని మగధ రాజు బింబిసారుడు కోరగా బుద్ధుడు ఒప్పుకున్నాడు. అదే ఉపోసథం.

చివరి మజిలీ కుశీనగరం. గుడిలో కుడివైపుకు ఒత్తిగిలి పడుకున్న సుమారు 6 మీటర్ల బుద్ధ విగ్రహం చుట్టూ యాత్రికులు నెమ్మదిగా ప్రదక్షిణ చేస్తారు. పరినిర్వాణం కూడా బుద్ధుడు పుట్టిన పున్నమి నాడే కనుక థేరవాదులకు దానికి వేరే సంతాపదినం లేదు. ఆ రోజు దీపాలు వెలిగిస్తారు, అష్టశీలాలు పాటిస్తారు, దానం చేస్తారు.